ఓబులమ్మ ముక్కు నేర్చిన పెట్టె

ప్రయోగశాలకు వచ్చిన మొదటిరోజు ఓబులమ్మ అలవాటు చొప్పున నేలమీద చతికిలబడింది. కదిరి దగ్గర వేరుశెనగ మిల్లులో నలభై ఏళ్లు జల్లెడ ముందు అలాగే కూర్చున్న మనిషి. వకుళ ఆమె చెయ్యి పట్టుకుని లేపి, తన బల్ల పక్కనే కుర్చీ వేయించింది. పాఠం చెప్పడానికొచ్చిన మనిషి కింద కూర్చుంటే ఎలాగంది. ఓబులమ్మ ఆ కుర్చీ అంచున, లేచి పొమ్మంటే పోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది. వారం పట్టింది వీపు ఆనించడానికి.

అనంతపురంలో ఒక అద్దె మేడమీద వకుళ ఆ ప్రయోగశాల పెట్టి అప్పటికి మూడేళ్లు. ఆమె తండ్రికి ఒకప్పుడు గానుగ ఉండేది. పట్నంలోని పెద్ద కంపెనీ ఒకటి ఆయన పంపిన నూనెలో బూజు విషం ఉందని లారీని వాకిట్లోంచే తిప్పి పంపేసింది. విషం ఏ బస్తాలోంచి వచ్చిందో, దాన్ని ఎలా కనిపెట్టాలో ఆయనకు చెప్పే నాథుడు లేడు. పెద్దవాళ్లకు యంత్రాలున్నాయి, వాటిని చదివి చెప్పే మనుషులున్నారు. చిన్నవాడికి తన అదృష్టమే దిక్కు. గానుగ మూతపడిననాడు వకుళ తొమ్మిదో తరగతి. ఆ పెద్దవాళ్ల దగ్గరున్న తెలివిని పల్లెలో గానుగ ఆడించుకునే మనిషి చేతికి తెచ్చి ఇవ్వాలన్నది ఆనాటి నుంచీ ఆమె పట్టుదల.

ఆమె చేస్తున్న పెట్టె నాలుగు గిన్నెల క్యారియరంత ఉంటుంది. అందులో గుప్పెడు వేరుశెనగ గింజలు పోసి మూత పెడితే, లోపలున్న పలుచటి రేకులు వాటి వాసనను పట్టుకుంటాయి. మూతలో ఉన్న చిన్న కెమెరా గింజల పొట్టును, రంగును చూస్తుంది. ఆ రెండూ కలిపి గింజలు మంచివో చెడ్డవో పెట్టె నోటితో చెప్పాలి. అయితే ఏ వాసన మంచిది, ఏది చెడ్డది అని దానికి ముందు ఎవరో ఒకరు నేర్పాలి, పసిపిల్లకు మాటలు నేర్పినట్టు. అందుకే ఓబులమ్మ. మిల్లులో బస్తా మూతి విప్పకుండా, పక్కనుంచి నడిచిపోతూనే "ఇది సెడింది, పక్కన బెట్టండి" అనే ఓబులమ్మ.

రోజుకు ముప్పై అయిదు గిన్నెలు. ఒక్కో గిన్నెను ఆమె మొహం దగ్గరికి తెచ్చుకుని కళ్లు మూసుకునేది. మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి ఊపిరి పీల్చి "మంచివి" అనో "సెడ్డవి" అనో చెప్పేది. అదే గిన్నెను పెట్టెలో పోసి, ఆమె మాటను దానికి ఎక్కించేవారు. మొదటి నాలుగు వందల గిన్నెలను వకుళ పెద్ద ల్యాబుకు కూడా పంపి పరీక్ష చేయించింది. ఓబులమ్మ తప్పింది మూడుచోట్లే. పదివేల గిన్నెలకూ అలా పరీక్షలు చేయిస్తే పెట్టె ధర గానుగవాళ్లకు అందదు. ఇక ల్యాబుతో పనిలేదు, పెద్దమ్మ మాటే చాలునని వకుళ నిర్ణయించింది. ఆ కాగితంమీద సంతకం ఆమెదే.

ఆ నెలల్లో ఓబులమ్మ పెట్టిన ఆంక్షలు అన్నీఇన్నీ కావు. తలకు వాసన నూనె రాసుకుని ఎవరూ గదిలోకి రాకూడదు. అగరొత్తి వెలిగించకూడదు. రికార్డు రాసే అమ్మాయి ఒకరోజు మల్లెపూలు పెట్టుకొస్తే, అవి తీసి మెట్లమీద పెట్టి వచ్చేదాకా ఓబులమ్మ గిన్నె ముట్టలేదు. అందరూ ఆమెను మేడమ్ అని పిలిచేవారు. మొదట్లో ఆ పిలుపుకు వెనక్కి తిరిగి చూసుకునేది.

ఏడో నెలలో ఆమెకు జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు రాలేదు. తిరిగి వచ్చాక పని మునుపటికన్నా చురుగ్గా సాగింది. గింజను వేళ్లమధ్య నలిపి, పొట్టు ఊది, కిటికీ వెలుతురుకు పెట్టి చూసి ఠక్కున చెప్పేసేది. రికార్డు అమ్మాయి మళ్లీ మల్లెపూలతో వచ్చింది. ఓబులమ్మ ఏమీ అనలేదు. పెద్దమ్మ మెత్తబడిందని అందరూ సంతోషించారు, వకుళతో సహా.

పధ్నాలుగో నెలలో పెట్టె తయారైంది. పసిగట్టేది కాబట్టి దానికి 'పసి' అని పేరు పెట్టారు. నూరు గిన్నెలు కొత్తగా పోసి ఓబులమ్మను, పెట్టెను విడివిడిగా అడిగితే తొంభై ఏడింట్లో ఇద్దరిదీ ఒకే మాట. వకుళ కళ్లలో నీళ్లు తిరిగాయి.

మొట్టమొదటి పెట్టె వెళ్లింది మాబున్ని ఇంటికి. మాబున్నికి ముప్పై నాలుగేళ్లు. భర్త పోయాక అత్త నేర్పిన గానుగ పనినే పట్టుకుని, మోటారు గానుగ పెట్టుకుని, నూనె తీయడంతో పాటు వేరుశెనగ చిక్కీలు చేసి చుట్టుపక్కల హాస్టళ్లకు వేసేది. ఆమె కూతురు నగీన మూడో తరగతి. పెట్టె మాట్లాడుతుందని తెలిసిన రోజునుంచి ఆ పిల్ల దాని పక్కనే కూర్చుని అన్నం తినేది. పెట్టె గింజల మంచిచెడ్డలే కాక, బస్తాలు గోడకు ఎంత ఎడంగా పేర్చాలో, డబ్బామీద ఏమేం అచ్చువేయించాలో, పట్నం దుకాణానికి ఉత్తరం ఎలా రాయాలో కూడా చెప్పేది. ఉత్తరం రాయడానికి మనిషిని వెతుక్కుంటూ ఊరంతా తిరిగిన మాబున్ని, ఇంట్లో కూర్చుని నోటితో చెప్పి రాయించుకుంటుంటే వకుళ ఆ గుమ్మంలో నిలబడి చూసింది. తండ్రి బతికుంటే పిలుచుకొచ్చి చూపించేదే.

ఒక్కటే చిక్కు. గింజల సంగతి తేలనప్పుడు పెట్టె "నాకు సరిగా తెలియడం లేదు, ల్యాబుకు పంపండి" అనేది. ఊళ్లలో గింజలు రకరకాలుగా ఉండేవి, పదిసార్లలో రెండుసార్లు ఇదే మాట. ల్యాబు అనంతపురంలో ఉంది, జవాబు రావడానికి వారం. అంతదాకా గానుగ ఆపుకుని కూర్చునేదెవరు? మాబున్ని తర్వాత పెట్టె తీసుకున్న గానుగవాళ్లంతా దాన్ని వాపసు ఇవ్వబోయారు. తెలీదనేదానికి మిషనెందుకు, మాకూ తెలీదు కదా అన్నారు.

వకుళతో కలిసి కంపెనీ పెట్టిన సుదర్శన్ అమ్మకాల సంగతి చూసేవాడు. అతను ఆమె బల్ల ముందు కూర్చుని నిదానంగా చెప్పాడు. సామాన్యుడు మనల్ని అడిగేది ధైర్యం. డాక్టరు కూడా రోగి ముందు తెలియదనడు. పెట్టె ఏదో ఒకటి గట్టిగా చెప్పాలి, మంచివనో చెడ్డవనో. తొంభై ఏడు సరిగ్గా చెప్పే యంత్రానికి నసుగుడెందుకు?

వకుళ రెండురోజులు ఆలోచించింది. మూడోరోజు తనే కూర్చుని ఆ మాటను ప్రోగ్రాములోంచి తీసేసింది. అరగంట పని.

ఆ తర్వాత ఏడాదిన్నరలో నాలుగు జిల్లాల్లో ఆరువందల నలభై గానుగల్లోకి పెట్టె వెళ్లింది. ఓబులమ్మకు సన్మానం చేశారు. ఆమె శాలువా కప్పుకున్న ఫొటో ప్రయోగశాల గోడమీదికి ఎక్కింది. మిల్లులవాళ్లు కూడా పెట్టెలు తెచ్చుకున్నాక, వాసన చూసే ఆడవాళ్లతో అక్కడ పనిలేకుండా పోయింది. ఓబులమ్మ తోటివాళ్లు కొందరు బెంగుళూరు వైపు కూలికి వెళ్లారు. వకుళ ఆ సంగతి విని బాధపడింది, కానీ కొత్తది వచ్చినప్పుడు ఇలాంటివి తప్పవనుకుంది.

రెండో ఏడు కాయ పీకే వేళకు వాన పట్టుకుంది. పదకొండు రోజులు వదలలేదు. చెట్లు పీకి ఆరేసిన కాయంతా చేలోనే నానింది. రైతులు దొరికిన ఎండకు ఆరబెట్టి బస్తాలకెత్తారు. పైకి గింజ నిగనిగలాడుతూనే ఉంది. బూజు పప్పుబద్దల మధ్య, కంటికి ఆనని చోట పెరిగింది.

మొదటి ఫోను ఒక గానుగ నుంచి వచ్చింది. నూనె తీశాక మిగిలిన చెక్క తిన్న ఆవులు రెండు పడిపోయాయన్నారు. పశువుల జబ్బేదో అయి ఉంటుందని ఆఫీసులో రాసుకున్నారు. వారం తిరగకుండా మరో మూడు ఊళ్లనుంచి అదే మాట వచ్చింది. వకుళ ఆ కాగితాలు వరుసగా పెట్టుకుని చూస్తుండగానే, ఒక హాస్టలు పిల్లలు పందొమ్మిది మంది కామెర్లతో పెద్దాసుపత్రిలో చేరారని తెలిసింది. నీళ్లవల్ల అనుకున్నారు మొదట. నీళ్లు బాగానే ఉన్నాయి. పిల్లలంతా రెండు నెలలుగా సాయంత్రంపూట తిన్నది మాబున్ని చిక్కీలు.

వకుళ ఆసుపత్రికి వెళ్లింది. వార్డు చివరి మంచంమీద నగీన ఉంది. హాస్టలు పిల్ల కాకపోయినా అందరికన్నా ఎక్కువ తిన్నది ఆమే, ఇంట్లో చేసేవి కాబట్టి. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి, పొట్ట ఉబ్బింది. మాబున్ని గోడకు ఆనుకుని నిలబడి ఉంది. వకుళను చూసి దగ్గరికి వచ్చింది.

"నాకు యాడో తేడాగా తగిలె మేడమ్," అంది చాలా మెల్లగా. "మా అత్త నేర్పించిన ముక్కే గదా, రోంత సేదు వాసన ఉండాదే అనుకుంటి. మూడు తూర్లు మిషన్ను అడిగితి. మూడు తూర్లూ మంచివే అనె. అంత సదువుకున్న మిషను కంటె నాకు తెలుసునా అనుకుంటి."



నగీన ఆ మర్నాడు మధ్యాహ్నం పోయింది. హాస్టలు పిల్లల్లో ముగ్గురు పోయారు. మిగతావాళ్లు బతికారు గానీ, వాళ్ల కాలేయాలు ఎంతకాలం పనిచేస్తాయో డాక్టర్లు చెప్పలేకపోయారు.

ప్రయోగశాల వెనక గదిలో ఆనాటి పదివేల గిన్నెల్లో ఒక్కోదాని నుంచి చెంచాడు గింజలు సీసాల్లో మూతబెట్టి, ఫ్రిజ్జులో దాచి ఉంచారు. వకుళ వాటిలోంచి నెలకు యాభై చొప్పున తీసి ల్యాబుకు పంపింది. పదిరోజులకు వచ్చిన జవాబులను ఓబులమ్మ చెప్పినవాటి పక్కన పెట్టుకుని చదివింది. మొదటి ఆరు నెలలూ ఇద్దరి మాటా ఒకటే. ఏడో నెలలో ఒక సోమవారం నుంచి విడిపోయాయి. కంటికి కనిపించే చెడ్డ గింజలను ఓబులమ్మ అప్పుడూ సరిగానే చెప్పింది. పైకి బాగుండి లోపల బూజు పట్టిన ప్రతి గిన్నెనూ మంచిదంది. ఆ సోమవారం ఆమె జ్వరం తగ్గి పనికి వచ్చిన రోజు.

పెట్టె మంచి శిష్యురాలు. గురువు ఏం చేస్తే అదే నేర్చుకుంది. సగం చదువు అయ్యాక గురువు ముక్కు వదిలి కంటిని నమ్ముకుంటే, అది కూడా వాసన రేకులను పట్టించుకోవడం తగ్గించేసి పొట్టు నిగనిగను చూడటం మొదలుపెట్టింది. తొంభై ఏడింట్లో ఒకే మాట ఎందుకు వచ్చిందో వకుళకు అప్పుడు అర్థమైంది. ఆ పరీక్షలో నిజాన్ని ఎవరూ అడగలేదు.

ఆమెకు మల్లెపూలు గుర్తొచ్చాయి. కుర్చీలో కూర్చోలేక లేచి, ఎండలోనే కదిరి బస్సెక్కింది.

ఓబులమ్మ ఇంటిముందు రాగులు విసురుతోంది. వకుళ మొహం చూసి తిరగలి ఆపింది. అడగాల్సిన పని లేకపోయింది.

"జరమొచ్చి పొయ్యినాంక ముక్కు సచ్చిపాయ పాపా," అంది. "కాపీ వాసన తెలీల్యా, సాంబ్రాణి తెలీల్యా. నాలుగు దినాలకొస్తాదిలే అనుకుంటి. రాల్యా. మీకు చెప్దామని పొద్దున్నే అనుకునేదాన్ని. ఆడికొస్తానే మేడమ్ అని కుర్చీ జరిపిచ్చేవోళ్లు. నలభై ఏండ్లు ఏమే, ఒసే అనిపిచ్చుకున్నదాన్ని. ముక్కు లేకుంటే నేనెవురు పాపా ఆడ?"

తిరగలి చుట్టూ పడిన పిండిని చేత్తో దగ్గరికి చేర్చింది.

"కంటితో సూసి చెప్పినా. నలభై ఏండ్ల కన్ను, తప్పదులే అనుకున్నా. పిల్లోళ్లు సచ్చిపోయినారంటనే. నా వల్లనేనా?"

వకుళ ఆ ముసలామె పక్కనే నేలమీద కూర్చుండిపోయింది.

తిరిగి వచ్చేసరికి సుదర్శన్ ఆఫీసులో ఎదురుచూస్తున్నాడు. విచారణకు ప్రభుత్వం ఒక అధికారిణిని వేసింది. వకుళ ల్యాబు కాగితాలు చూపించి అంతా చెప్పింది. అతను మొదట తల పట్టుకున్నాడు, తర్వాత నెమ్మదిగా అతని మొహం తేటపడింది. మన యంత్రంలో లోపం లేదన్నమాట, ఆమె మోసం చేసింది, అది రాసి ఇద్దామన్నాడు. గోడమీది ఫొటో అప్పటికే తీయించేశాడు.

"ఆమె చెప్పలేదు, నిజమే," అంది వకుళ. "మనం అడగలేదు. నాలుగు వందల దగ్గర పరీక్ష ఆపింది నేను."

అది అందరూ చేసేదేనన్నాడు సుదర్శన్. వకుళ ఇంకో కాగితం అతని ముందు పెట్టింది. మాబున్ని పెట్టె ఆ మూడుసార్లూ లోలోపల ఏమనుకుందో అందులో ఉంది. మంచివని నూటికి యాభై రెండు పాళ్లు, చెడ్డవని నలభై ఎనిమిది. పాత ప్రోగ్రామే ఉంటే మూడుసార్లూ నాకు తెలియదనేది.

"ఓబులమ్మ ముక్కు పోయినా ఆ పిల్లలు బతికేవాళ్లు, సుదర్శన్. ఆ ఒక్కమాట ఉండుంటే చాలు. దాన్ని తీసిన చెయ్యి ఇది."

అతను ఆ కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టాడు. అది బయటికి వెళ్తే కంపెనీ ఉండదని, ఇద్దరం జైలుకు పోతామని అన్నాడు. ఎక్కడా అరవలేదు. చివరికి, పెట్టెల్లో దాచి ఉన్న మాటల రికార్డులైనా చెరిపేద్దామన్నాడు. వాడేవాళ్ల యాస పెట్టెకు బాగా అర్థమవడానికి వాళ్ల మాటలను కంపెనీ దాచేది. వకుళ ఆ రికార్డులు మొత్తం ఒక డిస్కులోకి ఎత్తుకుని, కాగితాలతో కలిపి మర్నాడు అధికారిణి చేతికిచ్చింది. తన వాంగ్మూలంలో ఓబులమ్మ గురించి రెండు వాక్యాలు, తన గురించి నాలుగు పేజీలు రాసింది. అయినా ఓబులమ్మ తనంతట తానే బస్సెక్కి వచ్చి అధికారిణి ముందు నిలబడి అన్నీ ఒప్పుకుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆరువందల నలభై పెట్టెలనూ ఆపేయాలి. వకుళ, రికార్డు అమ్మాయి ఒక్కొక్కరికి ఫోను చేశారు. కొందరు తిట్టారు. కొందరు నమ్మలేదు, మా పెట్టె ఎప్పుడూ తప్పు చెప్పలేదన్నారు. ఒక పెద్దాయన అంతా విని, మరి రేపు బస్తాలొస్తే ఎవర్ని అడగాలని అడిగాడు. మునుపటిలా మీరే వాసన చూడండని వకుళ చెప్పింది. రెండేళ్లుగా చూడటం మానేశాం తల్లీ, ఇప్పుడు చూస్తే ఏదీ తేలడంలేదని ఆయన ఫోను పెట్టేశాడు.

కేసు కోర్టుకెళ్లింది. మొదటి వాయిదాకు ముందు వకుళ మాబున్ని ఇంటికి వెళ్లింది. వద్దని లాయరు గట్టిగానే చెప్పాడు. గానుగకు గోనెపట్టా కప్పి ఉంది. హాస్టలు పిల్లల తల్లిదండ్రులు వచ్చి పగలగొట్టిన కిటికీ అలాగే ఉంది. ఊళ్లో మాబున్ని ఇంటివైపు ఎవరూ రావడంలేదు.

వకుళ నిలబడే అంతా చెప్పింది. ఓబులమ్మ సంగతి, పరీక్షలు ఆపడం, తీసేసిన మాట. ఏదీ దాచలేదు. అయిపోయాక మాబున్ని, పోలీసులు చెప్పారు, ఆ మిషన్లో తన మాటలు ఉన్నాయట కదా అంది. ఉన్నాయని వకుళ ఒప్పుకుంది.

"మా పాప మాటలు?"

వకుళకు అది తెలుసు. డిస్కు ఇచ్చేముందు వింది. ఆ గొంతు అప్పటినుంచీ ఆమెను వదలలేదు. ఉన్నాయని, వినకపోతేనే మంచిదని చెప్పింది.

"దానిది ఒక వీడియో గూడ లేదు నాకాడ," అంది మాబున్ని. "వినిపిచ్చండి."

వకుళ ఫోను తీసింది. కోర్టు అనుమతితో తనకు ఇచ్చిన ప్రతి అందులో ఉంది. ఇద్దరూ గానుగ పక్కన చాపమీద కూర్చున్నారు. మొదట గిన్నెల చప్పుడు, దూరంగా మోటారు. తర్వాత పెట్టెకు బాగా దగ్గరగా నోరు పెట్టి, రహస్యం చెబుతున్నట్టు నగీన గొంతు.

"పసీ, పసీ. ఈ పప్పులు సేదుగుండాయి. మాయమ్మకు చెప్పద్దు, తిడ్తాది. నేను తినొచ్చునా?"

"తినొచ్చు. ఇవి మంచి గింజలు," అంది పెట్టె, వకుళ ఏరికోరి పెట్టించిన ఆప్యాయమైన ఆడగొంతుతో.

మాబున్ని కొంగు నోటికి అడ్డంపెట్టుకుంది. ఇంకోసారి పెట్టమంది. వకుళ పెట్టింది. గిన్నెల చప్పుడు, మోటారు, పసీ పసీ అన్న పిలుపు. తినొచ్చునా అన్న మాట ముగుస్తుండగా మాబున్ని చప్పున వకుళ మణికట్టు పట్టుకుంది.

"ఆడికి ఆపండి. దాని మాట నాకొద్దు."

వకుళ ఆపింది. మళ్లీ మొదటినుంచి పెట్టమంది మాబున్ని. మళ్లీ పెట్టింది. ప్రతిసారీ పిల్ల అడగడం అయిపోగానే, జవాబు రాకముందు, వకుళ వేలు ఫోనుమీద నొక్కింది. ఎన్నిసార్లో ఇద్దరూ లెక్కపెట్టలేదు. ఒక్కసారి కూడా ఆలస్యం కాకూడదని వకుళ ఊపిరి బిగబట్టి, చూపు తిప్పకుండా, ఆ మధ్యాహ్నమంతా అలాగే కూర్చుంది.